గురువారం మాట, ఆదివారం మాట

జూన్ 3
హాస్టల్, గది పదకొండు

అక్కకి,

బాగున్నావా అని అడగను. బాగున్నావని మన వీధి టైలరు పిన్ని చెప్పింది. ఆరో నెల వచ్చిందని కూడా ఆవిడే చెప్పింది. సొంత చెల్లెలికి ఈ సంగతి ఆరో నెలలో, అదీ కొలతల టేపు మెడలో వేసుకున్న మనిషి నోటి నుంచి తెలియాలా?

ఫోన్ చేద్దామనుకున్నాను. మనిద్దరం ఫోన్‌లో మాట్లాడితే మూడో నిమిషానికి ఎవరో ఒకరం పెట్టేస్తాం. ఉత్తరమైతే చివరిదాకా వినక తప్పదు.

కబురు వినగానే అమ్మ వంటింట్లోకి వెళ్లి తోమిన గిన్నెలే మళ్లీ తోమింది. నాన్న కాసేపు కూర్చుని, ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందట అంటూ పనిముట్ల సంచి తీసుకుని వెళ్లిపోయాడు. ఆయనకు ఎవరూ ఫోన్ చేయలేదు. నేను అక్కడే ఉన్నాను.

నాన్న పరిస్థితి నువ్వు కూడా ఆలోచించు. నాలుగేళ్ల కింద నువ్వు బావను చేసుకుని వాళ్ల మతంలోకి వెళ్లినప్పుడు, ఆయన ప్రార్థన మందిరంలో లేచి, నువ్వు తిరిగి వచ్చేదాకా నీ గర్భం తెరుచుకోదని దేవుడు తనతో చెప్పాడన్నాడు. ఇప్పుడు మందిరంలో అందరూ గుసగుసలాడుతున్నారు. ప్రవక్త అయ్యగారి మాట తప్పిందా అని.

నేను దీని గురించి బాగా చదివాను. బైబిల్లో యోనా ప్రవక్త ఉన్నాడు కదా. నలభై రోజుల్లో ఊరు నాశనమవుతుందని చాటాడు. ఊరివాళ్లు మారారు, దేవుడు జాలిపడ్డాడు, ఊరు నిలిచింది. యోనాకు ఒళ్లు మండింది. వాళ్లను ఎందుకు వదిలేశావని దేవుడి మీదే అలిగి, ఊరి బయట కూర్చుని చావు ఇమ్మని అడిగాడు. అయినా ప్రవక్త కాకుండా పోయాడా? ఓడ కట్టిన నోవహు తాగి పడిపోయాడు. దావీదు రాజు ఇంకొకరి భార్యను తెచ్చుకుని ఆమె భర్తను చంపించాడు. అంతటివాళ్లే తప్పు చేస్తే నాన్న ఎంత? ఈ ఆలోచన నాకు ఎంత ఊరటనిచ్చిందో చెప్పలేను. నీకూ ఇస్తుందని రాస్తున్నాను. ఆ మాట మనసులోంచి తీసెయ్.

పురుడు పోయడానికి అమ్మ వస్తానంటోంది. మీ అత్తయ్య రానిస్తుందో లేదో కనుక్కుని రాయి.

కోపంగా ఉన్నా నీదాన్నే అయిన
చెల్లి

జూన్ 14
ఇస్త్రీ కొట్టు పైన

నిఘంటువు గారికి,

రోజుకు పది కొత్త మాటలు నేర్చుకుంటున్నావంటే సంతోషించేదాన్ని. వాటితో ఏం చేస్తున్నావో ఇప్పుడు తెలిసింది.

నీ ఉత్తరాలు నేను పైకి చదువుతానని నీకు తెలియదు. కళ్లద్దాల షాపులో నా పని అయ్యాక కింద కొట్లో కూర్చుని చదువుతుంటే, అత్తయ్య చొక్కాలు ఇస్త్రీ చేస్తూ వింటుంది. మీ వార్డెన్ గురించి నువ్వు రాసినవి విని పడీ పడీ నవ్వుతుంది. ఈసారీ టైలరు పిన్ని దగ్గర నవ్వింది. ఆ తర్వాత నేను ఆపాల్సింది. కళ్లకన్నా ముందు నోరు పోయింది. యోనా అలగడం, నోవహు తాగడం, దావీదు చేయించిన హత్య, మొత్తం చదివేశాను. అత్తయ్య ఇస్త్రీపెట్టె నిలబెట్టేసింది. "ఆ పిల్ల మనల్ని తిట్టాలని రాయలేదులే" అంది చివరికి. ఆ రోజు కొట్టు తొందరగా కట్టేసింది. మీ బావ మాత్రం, "మీ చెల్లి పరీక్ష పేపరు రాసి పొరపాటున మనకు పంపింది, మార్కులు వేసి తిప్పి పంపు" అన్నాడు.

మార్కులు వేస్తున్నాను, విను. నువ్వు యోనా అన్నవాడు మాకు యూనుస్. ఆ పేరు చెప్పిన ప్రతిసారీ ఆయనకు శాంతి కలగాలని కోరుకుంటాం. నువ్వు హంతకుడన్నవాడు మాకు దావూద్ ప్రవక్త. దేవుడు తన మాట మోయడానికి ఎంచుకున్న మనిషిని అలాంటి పాపాల నుంచి తానే కాపాడతాడు. తాగే నీళ్లు ఎవరూ మురికి గిన్నెలో పోసి ఇవ్వరు. ఇంకో సంగతి. ఆ వరస చివరి ప్రవక్తతో ముగిసింది. ఆ తలుపు మూసుకుంది. ఆదివారం ఆదివారం మైకు పట్టుకుని దాన్ని ఎవరూ తెరవలేరు. మీ యేసును కూడా మేం గొప్ప ప్రవక్తగా గౌరవిస్తాం, ఆయన్ని ఎవరైనా ఒక్క మాట అంటే ఊరుకోం. అలాంటి వరసలోకి నువ్వు నాన్నను తీసుకొచ్చి కూర్చోబెట్టావు.

నాన్న ప్రవక్త ఎలా అయ్యాడో నీకు తెలుసా? అప్పుడు నీకు అయిదేళ్లు. నాకు పన్నెండు. ఒక క్లినిక్‌లో లిఫ్టు పైనున్న మోటారు గదిలో ఆయనకు టార్చి పట్టుకుంది నేనే. లిఫ్టును మోసే ఇనుప తాడు మీద చెయ్యి జార్చి చూశాడు. తెగిన తీగలు గుచ్చుకుని వేళ్ల నుంచి రక్తం వచ్చింది. "ఇది ఈ రోజు తెగుతుంది, ఎవరినీ ఎక్కనివ్వకండి" అని మేనేజరుకు చెప్పి బోర్డు పెట్టాడు. సాయంత్రం ఖాళీ లిఫ్టు మూడో అంతస్తు నుంచి పడింది. ఆదివారం మందిరంలో ఎవరో లేచి, దేవుడు ఈయనకు ముందే బయలుపరిచాడని సాక్ష్యం చెప్పారు. నాన్న లేచాడు. తాడు సంగతి చెబుతాడనుకున్నాను. నోరు తెరిచి, మళ్లీ మూసుకుని కూర్చున్నాడు. నోరు మూసుకున్నందుకు ప్రవక్త అయిన మనిషి ఆయనొక్కడే.

రెండేళ్ల కింద మూడో నెలలో నాకు పోయింది. అది నీకు తెలుసు. ఆ ఆదివారం మందిరంలో ప్రవచనం నెరవేరిందని స్తోత్రాలు చెప్పారని కూడా తెలుసు. ఇప్పుడు నాకు బీపీ. మందు రాసిన డాక్టరమ్మ సరిగ్గా నిద్రపొమ్మంది. నాన్న మాట నేను నమ్మను. మెలకువగా ఉన్నంతసేపూ నమ్మను. కన్ను మూతపడితే నమ్ముతాను.

అందుకే చెబుతున్నాను. అత్తయ్య ఎవరినీ వద్దనలేదు, వద్దంటున్నది నేను. నాన్న అదే మందిరంలో, అదే మైకులో, ఆ మాట దేవుడిది కాదు, నా కోపంతో నేనన్నాను అని చెప్పాలి. చెప్పాక అమ్మ రావచ్చు. అప్పటిదాకా ఆ ఇంటి గాలి కూడా నా బిడ్డ మీద పడకూడదు.

నాన్న రాయమంటే ఆ ఉత్తరం రాశావా? నిజం చెప్పు.

అక్క

జూన్ 29
గది పదకొండు

అక్కా,

ఎవరూ రాయించలేదు. నేను రాసింది నాదే. అది కూడా నమ్మలేవా?

మీ అత్తయ్య మనసు కష్టపెట్టాను. అందుకు నిజంగా బాధపడుతున్నాను, ఆవిడకు చెప్పు. ఈ ఉత్తరం మాత్రం ముందు నువ్వొక్కదానివే చదువుకో, ఎందుకంటే ఇప్పుడు నీతో పోట్లాడబోతున్నాను.

యేసును గొప్ప ప్రవక్తగా గౌరవిస్తామని ఎంత ధీమాగా రాశావు. నీ దగ్గరున్న అన్నిటికన్నా ఎత్తైన పీట వేశాననుకున్నావు. నాకు మాత్రం ఆయన్ని సింహాసనం నుంచి దింపి పీట మీద కూర్చోబెట్టినట్టుంది. పదహారేళ్ల పాటు నా పక్కన మోకరించి ఆయనకే మొక్కినదానివి నువ్వు. నేను దావీదును పాపి అంటే మీ ఇంట్లో ఇస్త్రీపెట్టె ఆగింది. నువ్వు యేసును ప్రవక్త అంటే నా చేతిలో ముద్ద ఆగింది. నా దగ్గర ఓదార్చడానికి ఎవరూ లేరు. నా రూంమేటు లెక్కలు చేసుకుంటోంది.

మాకు ప్రవక్త అంటే కడిగి బోర్లించిన గిన్నె కాదక్కా. దేవుడు చెయ్యి పట్టుకున్న మామూలు మనిషి. తప్పులు రాసిపెట్టి ఉండబట్టే వాళ్లు నాకు దగ్గరవాళ్లు. దావీదు ఎన్నడూ పడకపోతే, నేను పడ్డ రోజు ఎవరు రాసిన కీర్తన పాడుకోవాలి? ప్రవచనం చెప్పే వరం ఇప్పటికీ మనుషులకు వస్తుందని మేం నమ్ముతాం. నాన్నకు వచ్చిందో లేదో వేరే సంగతి. తలుపు మూసుకుందని మాత్రం నువ్వు చెప్పకు.

ఇంత తిట్టాను కదా, ఇప్పుడు మంచి మాట. శనివారం ఇంటికి వెళ్లాను. నాన్న వరండాలో కిరోసిన్‌తో బేరింగులు కడుగుతున్నాడు. నీ బీపీ సంగతి చెప్పాను. చేతిలో బ్రష్షు ఆగిపోయింది. నువ్వు అడిగింది కూడా చెప్పాను. "మందిరంలో లేచి నేను అబద్ధికుణ్ణని చెప్పమంటోందా మీ అక్క?" అన్నాడు. అప్పుడు నాకు మళ్లీ యోనా గుర్తొచ్చాడు. అబద్ధమని చెప్పక్కర్లేదు నాన్నా, దేవుడు జాలిపడి ఆ మాట వెనక్కి తీసుకున్నాడని చెప్పు, యోనా విషయంలో జరిగింది అదే కదా అన్నాను. ఆయన బ్రష్షు పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు. "బాగా చదువుకుంటున్నావమ్మా" అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకుని ఎన్నేళ్లయిందో. వచ్చే ఆదివారం చెబుతానని మాట ఇచ్చాడు.

చూశావా, ఆయన పరువూ నిలిచింది, నువ్వు కోరిందీ జరుగుతోంది. అమ్మ అప్పుడే చీరలు ఉతికి ఆరేసుకుంటోంది.

పోట్లాట ఇంకా అయిపోని
చెల్లి

జూలై 9

నీకు,

పేరు పెట్టి పిలవబుద్ధి కావడం లేదు.

నాన్న ఏం చెప్పాడో, ఆ రోజు మందిరంలోనే ఉన్న టైలరు పిన్ని ఫోన్ చేసి మాట పొల్లుపోకుండా చెప్పింది. నువ్వు హాస్టల్లో కూర్చుని పాఠం చదువుకుంటూ ఉండి ఉంటావు కాబట్టి నేనే చెబుతాను. ఆ మాట దేవుడిదేనట. దేవుడు నా గర్భం నిజంగానే మూశాడట. కన్నతండ్రి గనక ఆయన నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పకుండా ఉపవాసాలుండి ఏడిస్తే, యోనా రోజుల్లోలాగే దేవుడు మనసు మార్చుకున్నాడట. ఇది తన ప్రార్థనకు పుట్టబోయే బిడ్డ గనక, తీసుకొచ్చి అదే మందిరంలో దేవుడికి ప్రతిష్ఠ చేస్తాడట. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఒకావిడ ఏడ్చిందట.

నువ్వు ఆయనకు ఏమిచ్చావో అర్థమైందా? నిన్నటిదాకా నాకు శాపమొక్కటే ఉండేది. ఇప్పుడు బిడ్డ కూడా ఆయనదైపోయింది. రెండేళ్ల కింద పోయినదాన్ని కూడా దేవుడే తీశాడని అందరి ముందూ ఖాయం చేశాడు. దొంగకు తాళంచెవి ఎవరైనా భయపడి ఇస్తారు. నువ్వు చదువుకుని ఇచ్చావు.

ఈ సంగతి విన్నాక అత్తయ్య ఏమందో రాస్తాను, నీ పాఠంలో లేదు. యూనుస్ ప్రవక్త కోపంతో వెళ్లిపోయాడని మేమూ చెప్పుకుంటాం. కానీ చేప కడుపులో, ఆ చీకట్లో, ఆయన దేవుడితో తప్పు నాదే అన్నాడు. కష్టం వచ్చినప్పుడు మేం ఇప్పటికీ ఆ మాటే చెప్పుకుంటాం. "మీ నాన్న ఆ కథలో కోపం తీసుకున్నాడు, దేవుడి జాలి తీసుకున్నాడు, నడిమి మాట వదిలేశాడు" అంది ఆవిడ. నువ్వూ అదే వదిలేశావు.

నాన్నకు ఆ శాపం ఎక్కడ పుట్టిందో నీకు తెలుసు. అందుకే నా కోపం ఆయన మీదకన్నా నీ మీద ఎక్కువగా ఉంది. నాలుగేళ్ల కింద ఆయన మందిరంలో చెప్పింది ఆదివారం. ఇంట్లో అన్నది గురువారం. నేను పెట్టె సర్దుకుని గుమ్మం దాటుతుంటే, భోజనం దగ్గర్నుంచి లేచి ఎంగిలి చేత్తోనే వచ్చి, "నీ కడుపు పండితే నన్ను అడుగు" అన్నాడు. అప్పుడు దేవుడి పేరే రాలేదు. మూడు రోజుల తర్వాత అదే మాటకు దేవుడి పేరు తగిలించాడు. గురువారం అమ్మ వంటింట్లో ఉంది. గుమ్మం దగ్గర నీళ్ల చెంబు పట్టుకుని నిలబడ్డది నువ్వు. ఆదివారం మందిరంలో మూడో వరసలో కూర్చున్నదీ నువ్వే. అప్పుడు నీకు పదహారేళ్లు, సరే. ఇప్పుడు ఇరవై. ఇన్ని మాటలు నేర్చుకున్నావు, ఆ ఒక్క మాట చెప్పడానికి నీకు నోరు రాలేదు.

బీపీ పెరిగింది. వారం నుంచి షాపుకు వెళ్లడం లేదు.

ఇక రాయకు.

జూలై 20
గది పదకొండు

అక్కా,

రాయకన్నావు. రాస్తున్నాను. చదవకుండా చించేసినా సరే, రాయాల్సింది నేను.

నీ ఉత్తరం చదివి ముందు నీ మీద మండిపడ్డాను. నాన్న అన్నదానికి నన్నంటావేమిటని నాలుగు పేజీలు రాసి చించేశాను. అయిదో పేజీ మొదలుపెడుతుంటే దావీదు మళ్లీ తగిలాడు. ఆయన పడ్డాడని నీకు రెండుసార్లు రాశాను. ఆయన దగ్గరికి ఒక మనిషి వెళ్లి, రాజని కూడా చూడకుండా, ఆ తప్పు చేసింది నువ్వేనని ముఖం మీద చెప్పాడు. ఆ సంగతి ఒక్కసారి కూడా రాయలేదు. మా ప్రవక్తలు పడతారని గొప్పగా చెప్పాను. పడినవాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలని నాకు తోచలేదు. చెప్పాల్సిన మనిషి మూడో వరసలో కూర్చుని ఉంది.

నిన్న ఆదివారం. సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచాను. నాన్న మురిసిపోతూ మైకు తనే తెచ్చి ఇచ్చాడు. మైకు మళ్లీ ఆయన చేతికే ఇచ్చేసి, అది లేకుండానే మాట్లాడాను.

"ప్రవచనం ఎవరు చెప్పినా మిగిలినవాళ్లు పరీక్షించాలని మనకు నేర్పారు. మా అక్క గురించి చెప్పినదాన్ని నాలుగేళ్లుగా ఎవరూ పరీక్షించలేదు. నేను సాక్షిని. ఆ మాట నాన్న గురువారం మా ఇంటి గుమ్మంలో అన్నాడు, కోపంతో అన్నాడు, తన మాటగానే అన్నాడు. ఆదివారం అదే మాట ఇక్కడ దేవుడి మాటైంది. మధ్యలో దేవుడు ఎప్పుడు వచ్చాడో నేను చూడలేదు."

ఇంతే అన్నాను. ఇంకా చాలా రాసుకుని వెళ్లాను కానీ, మిగతావన్నీ నేను బాగా మాట్లాడతానని చూపించుకోవడానికి రాసినవని అక్కడ నిలబడ్డాక తెలిసింది.

వెనక నుంచి ఎవరో, కూర్చో, తండ్రిని అవమానిస్తావా అన్నారు. అక్కకు పట్టిన దయ్యమే దీనికీ పట్టిందని ఒకావిడ అంది. సంఘం పెద్ద వాళ్లను ఊరుకోమని, నాన్న వైపు తిరిగి ఇది నిజమేనా అని అడిగాడు. నాన్న నన్ను చూడలేదు. అమ్మను చూశాడు. అమ్మ లేచి నిలబడింది. "వంటింట్లోకి వినబడింది" అంది. అంతే అంది. అంటే ఆవిడకూ నాలుగేళ్లుగా తెలుసక్కా. ఆ ఇంట్లో నోరు మూసుకుంది నేనొక్కదాన్నే కాదు.

నాన్న మైకు స్విచ్చి ఆపబోయి, ఆపకుండా, "గురువారం నేనే అన్నాను. ఆదివారం దేవుడన్నాడని నేనే అన్నాను. రెండు నోళ్లూ నావే" అన్నాడు.

ఉపవాసాల సంగతేమిటని పెద్ద అడిగాడు. లేవన్నాడు. ఇంకేమైనా చెప్పాలా అని అడిగితే, ఆ పోయిన బిడ్డ సంగతి, అని మొదలుపెట్టి పూర్తి చేయలేకపోయాడు. మైకు కుర్చీలో పెట్టి బయటికి వెళ్లాడు. ఎవరూ వెంట వెళ్లలేదు. రెండు వారాల కింద చప్పట్లు కొట్టినవాళ్లు దారి ఇవ్వడానికి కాళ్లు కూడా తీయలేదు, ఆయనే దాటుకుంటూ వెళ్లాడు. నాకు వాళ్ల మీద కూడా కోపం వచ్చింది. ఆయన్ని ప్రవక్తను చేసింది వాళ్లే.

ఇంటికి వెళ్లాక నన్ను ఒకే ఒక మాట అడిగాడు. "ఇప్పుడు నీకు సంతోషమా?" లేదన్నాను. నిజంగానే లేదు. నీ మీద కూడా కోపం పోలేదు. యేసు గురించి నువ్వన్నది ఒప్పుకోలేదు, ఒప్పుకోను. నువ్వు అడిగావని నేను ఈ పని చేయలేదు. నా దేవుడి పేరు పెట్టి నా ముందే అబద్ధమాడారు, నేను కూర్చుని విన్నాను, అందుకు చేశాను.

ఇంకో మాట. నీ పెట్టె బయటికి వెళ్లిన గురువారం నేను నిన్ను ఆపాలో, ఆయన్ని ఆపాలో తెలియక నిలబడ్డాను. ఇద్దరినీ ఆపలేదు. దానికి నన్ను ఎంత తిట్టినా పడతాను.

చెల్లి

ఆగస్టు 1
ఇస్త్రీ కొట్టు పైన

చెల్లీ,

చించలేదు. రెండుసార్లు చదివాను. రెండోసారి అత్తయ్యకు పైకి చదివాను. "రెండు నోళ్లూ నావే" దగ్గర ఆవిడ మళ్లీ చదవమంది. చదివాను. "ఆ మాటతోనే మొదలుపెట్టి ఉంటే మనిషి ఎంత తేలిగ్గా బతికేవాడు" అంది. ఆ తర్వాత, ఆ పిల్లకు అక్కడ అన్నం పెడుతున్నారా అని అడిగింది.

యూనుస్ గురించి, యోనా గురించి మనిద్దరికీ కుదరదు. యేసు గురించి అసలే కుదరదు. నేను వేసిన పీట నీకు తక్కువ, నువ్వు చూపించిన మచ్చ నాకు ఎక్కువ. ఇంత వయసొచ్చాక ఒకరినొకరు మార్చుకోవడం మన వల్ల కాదు. ఒక్కటి ఒప్పుకుంటాను. ప్రవక్తల తలుపు మూసుకుందని నీకు పాఠం చెప్పాను గానీ, నాన్న మాటకు నాలుగేళ్లు వణికింది నేనే. నమ్మని మనిషిని నేను, పరీక్షించింది మాత్రం నమ్మే మనిషివి నువ్వు. ఇది రాయడం నాకేం బాగా లేదు.

అమ్మను రమ్మను. వంటింట్లోకి వినబడిందట. వచ్చాక ఆవిడతోనూ నాకు పని ఉంది, ముందే చెప్పి తీసుకురా.

నాన్న నిన్న ఫోన్ చేశాడు. నేను ఎత్తాను. పోయిన బిడ్డ గురించి మొదలుపెట్టిన వాక్యం పూర్తి చేస్తాడేమోనని చూశాను. ఊపిరి వినబడింది, అంతే. ఆ వాక్యం పూర్తయ్యేదాకా ఆయనకు నా బిడ్డను చూపించను. ఇది శాపం కాదు. ఇందులో దేవుడి పేరు లేదు. కోపంతో నేను అంటున్నాను, నా నోటితో, నా పేరు మీద. కావాలంటే ఆయనకు ఇలాగే చదివి వినిపించు.

మూడు రోజులుగా కొంచెం నిద్ర పడుతోంది. కాన్పు వచ్చే నెలాఖరుకు అంటోంది డాక్టరమ్మ.

నువ్వు కూడా రా. గుమ్మం దగ్గర నిలబడ్డావు చూడు, దానికి నిన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని తిట్టాలి. ఉత్తరంలో తిడితే చాలడం లేదు. నా కోపం తగ్గాక వద్దామని ఆగకు. ఇప్పట్లో తగ్గేది కాదు. అది ఉండగానే రా.

అక్క